మోజెస్ అవ్వ చిత్రించిన పల్లెపట్టు

చరిత్ర రచనకు ఆధారములేవి యని అడిగినచో శాసనములు, నాణెములు, రాజపత్రములు, యాత్రికుల వ్రాతలు అని వెంటనే సమాధానము వచ్చును. యుద్ధము జరిగిన దినమును ఎవరో ఒకరు వ్రాసి యుంచుదురు. రాజు మారిన సంవత్సరమును రాతిమీద చెక్కింతురు. కాని ఒక పల్లెలో ఇల్లాండ్రు ఏ తీరున బట్టలు ఉతికిరో, ఏ ఋతువులో ఊరివారందరు కూడి పాకము కాచిరో, ఇరుగుపొరుగు స్త్రీలు ఒకచోట చేరి బొంతలెట్లు కుట్టిరో ఎవరును వ్రాసిపెట్టరు. అవి నిత్యము జరుగు పనులు గనుక వ్రాయదగినవిగా తోచవు. ఆ పనులు నిలిచిపోయిన తరువాతగాని వాటికి చరిత్రలో చోటు కలదని స్ఫురింపదు. అప్పటికి వాటినెరిగిన వారిలో పలువురు గతించియుందురు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టి పనులనెరిగిన ఒక రైతు ఇల్లాలు నూరేండ్లకు పైగా జీవించి, తన కడపటి ఏండ్లలో వాటిని రంగులలో నిలిపి పోయినది. ఆమె పేరు అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. లోకము ఆమెను 'గ్రాండ్‌మా మోజెస్' అని పిలిచెను. మనము మోజెస్ అవ్వ యనవచ్చును. ఆమె చిత్రములలో ఎల్లప్పుడును ఆకాశము నిర్మలము. మంచు కురిసినను పిల్లలకు చలి లేదు. పంట ఇంటికి వచ్చుచునే యుండును. ఇంతటి వెలుతురు నిజమా, లేక ముసలితనమున మనస్సు అల్లుకొన్న కలయా? ఈ ప్రశ్ననే మేము ఈ ప్రసంగములో విచారింపదలచితిమి. ఒక జాతి తన గతమును ఎట్లు జ్ఞాపకముంచుకొనును, దేనిని మరచును అను పెద్ద ప్రశ్న ఇందులో ఇమిడియున్నది.

ముందుగా ఆమె జీవితమును తెలిసికొందము. 1860 సెప్టెంబరు 7వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి గ్రీనిచ్ అను గ్రామ ప్రాంతమున ఆమె జన్మించెను. పదిమంది సంతానములో ఆమె మూడవది. తండ్రి వ్యవసాయము చేయుచు, అవిసెనార తీయు మిల్లును నడుపుచుండెను. ఆమె పుట్టిన రెండు నెలలకు లింకన్ దేశాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. మరుసటి సంవత్సరము ఉత్తర దక్షిణ రాష్ట్రముల మధ్య అంతర్యుద్ధము మొదలయ్యెను. 1865 ఏప్రిలులో లింకన్ హత్య జరిగినప్పుడు ఆమెకు ఇంకను ఐదేండ్లు నిండలేదు. తల్లితో పట్టణమునకు పోయినప్పుడు అంగడి స్తంభములకు నల్లని గుడ్డలు చుట్టియుండుట చూచిన జ్ఞాపకము ఆమెకు ముదిమి వరకు చెదరలేదు.

తండ్రికి బొమ్మలనిన ఇష్టము. పిల్లలకు అప్పుడప్పుడు తెల్లకాగితములు కొని తెచ్చెడివాడు. కాగితము మిఠాయికంటె చౌక, మిఠాయికంటె ఎక్కువసేపు నిలుచును. రంగులు కొనుటకు పైకము లేదు గనుక ఆ బాలిక ద్రాక్షరసమును, పండ్ల రసములను అద్ది బొమ్మలకు ఎరుపు తెచ్చెడిది. ఆ ఆట ఎంతోకాలము సాగలేదు. పండ్రెండవ ఏట ఆమె పుట్టినిల్లు విడిచి, పొరుగు కమతములో పనిపిల్లగా కుదిరెను. వంట, చాకిరి, కుట్టుపని, రోగులకు శుశ్రూష, ఇవియే ఆమెకు పదిహేనేండ్ల విద్యాభ్యాసము. పనిచేసిన ఒక ఇంటివారు ఆ పిల్ల గోడమీది అచ్చుబొమ్మలను మెచ్చుకొని చూచుట గమనించి సుద్దలును రంగుకడ్డీలును ఇచ్చిరి. ఆ బొమ్మలు కరియర్, ఐవ్స్ అను ముద్రాపకులు ఆనాడు చౌకగా అమ్ముచుండిన రంగుపటములు. తరువాతికాలమున ఆమె చిత్రములలోని మంచుబండ్లకు, పల్లెయిండ్లకు ఆ పటములే తొలి గురువులని విమర్శకులు గుర్తించిరి.

1887లో తనతోపాటు అదే కమతమున కూలికి పనిచేయుచుండిన థామస్ మోజెస్‌ను ఆమె వివాహమాడెను. దంపతులు ఉత్తర కరోలినాలో గుర్రముల మందను చూచుకొను ఉద్యోగమునకై రైలెక్కిరి. త్రోవలో వర్జీనియాలోని స్టాంటన్ పట్టణమున ఆగినప్పుడు అచ్చటివారి మాటవిని, షెనాండోవా లోయలో ఒక కమతమును కౌలునకు తీసికొని అచ్చటనే నిలిచిపోయిరి. ఆమె తాను కూడబెట్టిన సొమ్ముతో ఆవును కొని, వెన్న తీసి అమ్మెను. బంగాళాదుంపలను పలుచగా తరిగి వేయించి అంగళ్లకు పంపెను. అచ్చట పదిమంది బిడ్డలు కలిగిరి. వారిలో ఐదుగురు పసితనముననే పోయిరి. 1905లో ఆమె ఆ ఐదు చిన్న సమాధులను ఆ లోయలోనే విడిచి, మిగిలిన ఐదుగురు బిడ్డలతోను, భర్తతోను న్యూయార్కు రాష్ట్రమునకు తిరిగివచ్చి ఈగిల్ బ్రిడ్జి అను ఊరిదగ్గర కాపురముండెను. 1927లో భర్త మరణించెను.

శ్రోతలు ఈ వివరములను మనస్సున నిలుపుకొనవలెను. ఆమె చిత్రముల వెలుతురును చూచి, జీవితమున కష్టమెరుగని ముసలమ్మ గీసిన ముచ్చటలని భావించినవారు కలరు. పండ్రెండేండ్లకు పరుల ఇంటి పొయ్యి ముట్టించిన పిల్ల, ఐదుగురు పసిబిడ్డలను మట్టికిచ్చిన తల్లి, కష్టమును గురించి ఒకరివలన నేర్చుకొనవలసినది లేదు. కావున ఆమె చిత్రములలో దుఃఖము లేకుండుట తెలియనితనము కాదు. తెలిసి విడిచిపెట్టుట.

చిత్రరచనకు ఆమె వచ్చిన త్రోవయు గృహకృత్యముల త్రోవయే. 1918లో ముందుగదికి గోడకాగితము అంటించుచుండగా, వేసవిలో అగ్గిగూటిని మూయు పలకవద్దకు వచ్చునప్పటికి కాగితము చాలలేదు. ఆమె ఆ పలకకు తెల్లకాగితమంటించి, దానిపై చెట్లను, నీటిపట్టును చిత్రించెను. 1930 తరువాత ఉన్ని దారములతో బట్టపై దృశ్యములను కుట్టుట అలవరచుకొనెను. డెబ్బదియారవ ఏట కీళ్లవాతముచే వ్రేళ్లు సూదిని పట్టలేకపోయినప్పుడు, కుంచె పట్టుట సులభమని చెల్లెలు సలహా చెప్పెను. ఊరక కూర్చుండుట ఎరుగని మనిషి గనుక ఆమె ఆ సలహాను పాటించెను. తాను చిత్రించిన పటములను, నిలువచేసిన పండ్లను, పండ్లపాకములను కలిపి సమీపమందలి సంతప్రదర్శనమునకు పంపగా పండ్లకు బహుమానములు వచ్చెను, పటములకేమియు రాలేదు.

1938లో లూయీ కాల్డర్ అను న్యూయార్కు ఇంజనీరు హూసిక్ ఫాల్స్ పట్టణముమీదుగా పోవుచు, ఒక మందుల దుకాణపు కిటికీలో దుమ్ముపట్టియున్న ఆమె పటములను చూచెను. వాటి వెల పరిమాణమునుబట్టి మూడు డాలర్లు మొదలు ఐదు డాలర్లు. ఆయన ఉన్నవన్నియు కొని, మరునాడు ఆమె ఇంటికి పోయెను. ఇంటిలో పది చిత్రములు కలవని కోడలు ముందుగానే చెప్పియుండెను. వెదకగా తొమ్మిదియే తేలెను. మాట తప్పుట ఇష్టములేక ఆ అవ్వ ఒక పెద్ద చిత్రమును రెండుగా కోసి చట్టములు బిగించి పదింటిని పూర్తిచేసెను. కళాఖండము అఖండమని వాదించు పండితులు ఈ కథ విని నవ్వవచ్చును. బట్టను కోసి ఇద్దరు పిల్లలకు చొక్కాలు కుట్టిన చేయి అది. ఆ చేతికి ఆ పని వింత కాదు.

కాల్డర్ ఆ పటములను నగరములో పలువురకు చూపెను. చిత్రములు మెచ్చినవారు సైతము డెబ్బదియెనిమిదేండ్ల స్త్రీ అని వినగానే వెనుకంజ వేసిరి. ఆమె ఇంకెన్నాళ్లు చిత్రింపగలదు, ఆమెపై పెట్టిన సొమ్ము ఎట్లు తిరిగివచ్చును అని వారి లెక్క. ఆ లెక్క ఎంత తప్పినదో కాలమే చూపెను. 1939లో న్యూయార్కు ఆధునిక కళాశాల తన సభ్యులకొరకు ఏర్పరచిన ప్రదర్శనములో ఆమె చిత్రములు మూడింటికి చోటు దొరకెను. 1940 అక్టోబరులో ఆటో కాలిర్ అను నాతడు తన చిత్రశాలలో ఆమె చిత్రములను మాత్రమే ప్రదర్శించెను. ఒక రైతు ఇల్లాలు చిత్రించినది అని దానికి పేరు పెట్టెను.

ఈ కాలిర్ చరిత్ర గమనింపదగినది. ఆయన వియన్నా నగరవాసి, యూదుడు. 1923లో అచ్చట చిత్రశాలను స్థాపించి, ఆస్ట్రియా దేశపు నూతన చిత్రకారులను లోకమునకు పరిచయముచేసెను. ఎగోన్ షీలే అను చిత్రకారుని తీవ్ర వేదనామయమైన కృతులను ఆదరించినవారిలో ఆయన ముఖ్యుడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమింపగా ఆయన దేశమును విడిచి, తుదకు న్యూయార్కు చేరెను. ఒక దుకాణపు కిటికీలో ఆ అవ్వ పటములు కనబడిన సంవత్సరమును, ఈయన ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న సంవత్సరమును ఒక్కటియే. యూరపు ఖండపు చీకటిని ప్రత్యక్షముగా చూచినవాడు ఈ ఎండవెలుగు చిత్రములను తేలికగా త్రోసివేయలేదు సరిగదా, ఇరువదియేండ్లకు పైగా వాటికి అండగా నిలిచెను. వేదనను చిత్రించిన షీలేను, సంతోషమును చిత్రించిన మోజెస్ అవ్వను ఒకే కంటితో గౌరవించిన ఆ మనిషి అభిరుచి మాకు మిక్కిలి ఆలోచన కలిగించినది.

అదే సంవత్సరము నవంబరులో గింబెల్స్ అను పెద్ద అంగడివారు ఆమెను నగరమునకు పిలిపించిరి. చిత్రకళను గురించి చెప్పునని జనులు గుమికూడగా, ఆమె పండ్లపాకము కాచు విధమును, రొట్టె చేయు విధమును చెప్పి, తాను తెచ్చిన సీసాలను చూపెను. వార్తాపత్రికలకు ఆమె ప్రియపాత్రమయ్యెను. 1946 మొదలు ఆమె చిత్రములు క్రిస్మస్ శుభాకాంక్షల కార్డులపై లక్షలకొలదిగా వెలువడెను. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఆమెకు బహుమానమునిచ్చి, ఆమెకొరకు స్వయముగా పియానో వాయించెను. 1952లో ఆమె ఆత్మకథ ప్రకటితమయ్యెను. 1960లో నూరేండ్లు నిండిన దినమున న్యూయార్కు రాష్ట్ర గవర్నరు ఆ దినమును ఆమె పేరిట ప్రకటించెను. 1961 డిసెంబరు 13న నూటయొకటవ ఏట ఆమె మరణించెను. ఆమె చిత్రముల సంఖ్య 1,500కు పైబడినది. నూరు దాటిన తరువాత చిత్రించినవే ఇరువదికి పైగా కలవు.

ఇక చిత్రములను చూతము. ఆమె పనిచేసిన తీరును తెలిసికొన్నచో చిత్రముల స్వభావము తెలియును. ముందు చట్టమును ఎంచుకొని, దానికి తగినట్లు కొయ్యపొట్టును అదిమిచేసిన పలకను కోయును. దానికి అవిసెనూనె రాచి, మూడు పూతలు తెల్లరంగు వేయును. పిమ్మట పైనుండి క్రిందికి దిగును. మొదట ఆకాశము, తరువాత కొండలు, గుట్టలు, చెట్లు, ఇండ్లు, పశువులు, కట్టకడపట మనుష్యులు. మంచుపై ఎండ మెరయుటకు తళుకుపొడి చల్లును. పండితులు వలదన్నను వినలేదు. మంచు అట్లే మెరయునని ఆమె నమ్మకము. మనుష్యుల బొమ్మలకు పత్రికలనుండి కత్తిరించి దాచిన తునకలను ఆధారము చేసికొనుచుండెను. దేహముల కొలతలు శాస్త్రసమ్మతములు కావు. కాని కొండల నీలిమ, వసంతపు చిగురులోని వన్నెలు, మంచు పట్టిన ఆకాశపు బూడిదరంగు అరువు తెచ్చుకొన్నవి కావు. ఎనుబదేండ్లు కిటికీలోనుండియు పొలమునుండియు చూచిన కన్ను మాత్రమే వాటిని అట్లు పట్టుకొనగలదు.

ఆమె పలుమార్లు చిత్రించిన వస్తువులలో ఒకటి మేపుల్ పాకపు పండుగ. చలికాలము వెనుకబట్టి, రాత్రులు గడ్డకట్టుచు పగళ్లు కరుగుచుండు దినములలో మేపుల్ చెట్లకు రంధ్రములు చేసి రసము పట్టుదురు. నలువది గాలనుల రసము కాచినగాని ఒక గాలను పాకము రాదు. మనవైపు చెరకు గానుగవద్ద బెల్లము వండు దినములలో పిల్లలు పెనముచుట్టు చేరునట్లే, అచ్చటి పిల్లలును చేరి, వేడిపాకమును మంచుపై పోయించుకొని గడ్డకట్టగా తిందురు. 1943లో ఆమె రచించిన చిత్రములో ఇదంతయు కలదు. కావడితో కడవలు మోయువారు, కట్టెలు తెచ్చువారు, కాగు కలియబెట్టువారు, చేయి చాచిన పిల్లలు, అందరును ఒకే పలకపై కనబడుదురు. బట్టలు ఉతుకు దినము, ఆపిల్ పండ్ల గుజ్జు కాచుట, బొంత కుట్టు సమావేశము, కాపురము మార్చుట, విందుకొరకు టర్కీ కోళ్లను పట్టుట, ఇవి మరికొన్ని.

ఈ జాబితాను పరికించినచో ఒక సత్యము తెలియును. ఆమె చిత్రించినది విశ్రాంతిని కాదు, పనిని. దూరమునుండి చూచినచో పటమంతయు పండుగవలె తోచును. దగ్గరకు పోయి ఒక్కొక్క మనిషిని చూచినచో దాదాపు ప్రతివాని చేతిలోను ఏదో ఒక పనిముట్టు కనబడును. అయితే ఆ పనిని ఎవరును ఒంటరిగా చేయుటలేదు. పదిమంది కలిసి చేసినందున పని పండుగయైనది. ఆమె జ్ఞాపకములోని ఎండ అచ్చటనుండి వచ్చినదని మా అభిప్రాయము. పనిపిల్లగా ఒంటరిగా అంట్లు తోమిన దినములను ఆమె చిత్రింపలేదు. ఊరితో కలిసి కడవ మోసిన దినమును చిత్రించెను.

ఆమె చిత్రములలో చీకటి బొత్తిగా లేదనుటయు సరికాదు. 1862లో ట్రాయ్ పట్టణము తగులబడిన సంఘటనను ఆమె చిత్రించెను. 1948 నాటి ఒక చిత్రములో గాలివాన కమ్ముకొనివచ్చుచుండగా రైతులు ఎండుగడ్డిని ఇల్లుచేర్చుటకు త్వరపడుచుందురు. పలుమార్లు చిత్రించిన గళ్లరంగు పాతభవనము 1777 నాటి స్వాతంత్ర్య సమరముతో సంబంధము కలది. 1907లో అగ్నికి ఆహుతియైనది. లేని భవనమును ఆమె ఒకసారి మంచులోను, మరియొకసారి వేసవి పచ్చదనములోను మరల మరల నిలువబెట్టెను. కాలిపోయినది కాలిపోయినట్లు చూపుట ఒక విధము. కాలక ముందు అది ఎట్లుండెనో చెప్పుట మరియొక విధము. ఆమె రెండవదానిని ఎన్నుకొనెను.

అయినను చరిత్ర విద్యార్థులమైన మనము ఇచ్చట ఆగరాదు. ఆమె పుట్టిననాటికి అమెరికనులలో ప్రతి ఐదుగురిలో నలుగురు పల్లెలలో నుండిరి. 1920 జనాభా లెక్కలలో మొదటిసారిగా పట్టణవాసుల సంఖ్య పల్లెవాసులను మించెను. ఆమె నూరేండ్ల పండుగనాటికి పట్టణవాసులు నూటికి దాదాపు డెబ్బది. అనగా ఆమె చిత్రములను కార్డులపై కొన్నవారిలో పెక్కురు ఆ పల్లెను విడిచిన వారి బిడ్డలు, మనుమలు. రెండవ ప్రపంచయుద్ధము, అణుబాంబు, ఆ పిమ్మట రష్యాతో వైరము వారి మనస్సులను కలవరపరచుచుండెను. వారు కొన్నది పటమును మాత్రమే కాదు, ఒక ఊరటను. 1950లో అమెరికా ప్రభుత్వ సమాచారశాఖ ప్రాపకమున ఆ చిత్రములు వియన్నా, పారిస్ మొదలగు నగరములలో ప్రదర్శింపబడెను. ఆ కాలముననే న్యూయార్కు చిత్రకారులు కొందరు రూపమునే విడిచి, రంగుల వేగముతో తమ కలవరమును పలికించుచుండిరి. సామాన్యజనులు వారిని చూచి విసుగుకొని, ఇదియే మా చిత్రకళ యని మోజెస్ అవ్వను ముందు నిలిపిరి. ఆ తగవులో ఆమె ఏ పక్షమును వహింపలేదు. చిత్రములు రానిచో కోళ్లను పెంచుకొనియుందునని మాత్రమే ఆమె అనుచుండెడిది.

ఇచ్చటనే జాగ్రత్త వలయును. ఆమె వర్జీనియాకు పోవునప్పటికి బానిసత్వము తొలగి ఇరువదిరెండేండ్లు మాత్రమే యైనది. ఆ భూములను దున్నిన నల్లజాతివారి వేదన ఆమె చిత్రములకు వస్తువు కాలేదు. అప్పులు, పంటనష్టములు, పసిబిడ్డల చావులు కూడ కాలేదు. ఒక అవ్వ తన జీవితములోనుండి తనకు ప్రియమైనవానిని ఏరుకొనుట దోషము కాదు. ఆ ఏరికను ఆమె తన బాధతో కొనుక్కొన్నది. కాని ఒక జాతి ఆ ఏరికనే తన సంపూర్ణ చరిత్రగా గోడకు తగిలించుకొన్నచో, పటములో చోటు దొరకనివారు రెండవమారు మరపునకు గురియగుదురు. మొదటిది జ్ఞాపకము, రెండవది మరపు. రెండును ఒకే పటము మీద నడచుచుండుటచే మనము పొరబడుదుము. ఈ పొరపాటు ఒక్క అమెరికాకే చెందినది కాదు. పల్లెలను విడిచి పట్టణములకు చేరిన ఏ జాతియైనను పాత పల్లెను తలచుకొనునప్పుడు ఎండనే తలచును, ఎండలో కమిలిన వీపులను తలపదు.

1969లో అమెరికా ప్రభుత్వము ఆరు సెంట్ల తపాలాబిళ్లపై ఆమె చిత్రభాగమును ముద్రించెను. జూలై 4వ తేదీ స్వాతంత్ర్య దినోత్సవమును చూపు ఆ చిత్రము శ్వేతభవన సంపదలోనిది. వెర్మాంట్ రాష్ట్రమందలి బెన్నింగ్టన్ వస్తుప్రదర్శనశాలలో ఆమె చిత్రములు అనేకము భద్రపరుపబడెను. ఆమె చదివిన ఒంటిగది బడి భవనమును సైతము 1972లో అచ్చటికి చేర్చిరి. మూడు డాలర్లకు దుకాణపు కిటికీలో పడియుండిన చిత్రకారిణి కృతులలో ఒకదానికి ఈ శతాబ్దమున పది లక్షల డాలర్లకు మించిన వెలయు పలికినది. వెలలు పెరుగును, తరుగును. మాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. కడవ ఏ భుజముపై మోయుదురో, కాగు క్రింద కట్టెలెట్లు పేర్తురో, బొంతకు ఎందరు చుట్టు కూర్చుందురో, పాకము చూచుటకు పిల్లలు ఎంత దగ్గరకు వత్తురో ఎరిగిన చేయి ఆమెది. వాటిని ఏ రాజపత్రమును చెప్పదు. ఆ సాక్ష్యమును కృతజ్ఞతతో స్వీకరింతము. ఆమె చెప్పనివారి సాక్ష్యమును మరియొకచోట వెదకు బాధ్యత చరిత్ర చదువువారిపై నున్నది. దానిని ఆ అవ్వమీద మోపుట న్యాయము కాదు.